ఎప్పటికీ పని రాని ట్రైనీ

నా జీవితంలో నాకు దక్కిన మొదటి హోదా ట్రైనీ. ఎంతకాలం ట్రైనీగా ఉన్నానంటే, నేను చేరిన ఏడాది ట్రేలో గుచ్చిన జామాయిల్ కొమ్మలు వేళ్ళు తొడిగి, ఎవరి చేలోనో చెట్లయి, నరికించుకుని, లారీలెక్కి, ఏ పిల్లవాడి నోటుపుస్తకంగానో మారిపోయి ఉంటాయి. నేను మాత్రం అక్కడే ఉన్నాను. చెట్టుకున్న ఎదుగుదల నాకు లేకపోయిందని పెద్దగా బాధపడలేదు. చెట్టుకు మేనేజరు ఉండడు కదా.

మా నర్సరీ పినపాక దాటాక, అడవి మొదలయ్యే చోట ఉండేది. నర్సరీ అంటే గులాబీలు, మల్లెలు అమ్మేది అనుకునేరు. కాగితం మిల్లుల కోసం రైతులు వేసే జామాయిల్ మొక్కలు తయారుచేసేది. విత్తనం వేయరు, కొమ్మతోనే మొక్క చేస్తారు. తల్లి మొక్కల నుంచి పొద్దున్నే లేత కొమ్మలు తెచ్చి, ఒక్కోదానికి రెండాకులుండేలా ముక్కలు కోసి, ఆ ఆకుల్ని సగానికి కత్తిరించి, కింది కొసకు మందు పొడి అద్ది ట్రేలో గుచ్చాలి. తర్వాత ఆ ట్రేల్ని మంచులా నీళ్ళు చిమ్మే ప్లాస్టిక్ గుడారంలో పెట్టాలి. కత్తెర సరిగా పడకపోతే కొస నలుగుతుంది. నలిగిన కొమ్మ నాలుగు రోజులు పచ్చగా నటించి, ఆ తర్వాత నల్లబడి చస్తుంది.

ఓనరు ఖమ్మంలో ఉండేవాడు. ఎప్పుడైనా వస్తే కారు అద్దం సగం దించి, ఏసీ బయటికి పోకుండా మొక్కల్ని పరామర్శించి వెళ్ళేవాడు. మిగతాదంతా మేనేజరే. ఆయనది సత్తుపల్లి వైపు. మాట వెన్నలా ఉండేది, చెయ్యి మాత్రం ఎప్పుడూ ముడుచుకునే ఉండేది. మా మీద అరిచినట్టు నాకు ఒక్కసారీ గుర్తు లేదు. "ఏంటమ్మా, ఇంకా నేర్చుకుంటున్నావు కదా, తొందరేముంది" అని నవ్వుతూ అనేవాడు. ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండేది.

ఇక్కడ మా గూడెం పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగిందేమీ అర్థం కాదు. మా దగ్గర పని మనిషిది కాదు, ఇంటిది. ఎవరి చేనులోనైనా నాట్లు పడితే ఇంటికొకరు పోతారు. ఆ ఒకరు అమ్మా, పిల్లా, కోడలా అని ఎవరూ అడగరు. నర్సరీ పెట్టినప్పుడు మేనేజరు కూడా గూడేనికి వచ్చి "ఇంటికొకరికి పనిస్తాం" అన్నాడు. మావాళ్ళు దాన్ని తమకు తెలిసిన అర్థంలోనే తీసుకున్నారు. ఇంటికొక పేరు రాయించారు. ఆ పేరు మీద ఏ రోజు ఎవరు పోవాలన్నది తెల్లారి పొయ్యి దగ్గర తేల్చుకునేవాళ్ళం. అమ్మ ఇప్పపువ్వు ఏరడానికి పోతే ఒకలా, నాయనకు జ్వరం వస్తే ఇంకోలా. మా ఇంటి నుంచి నా పేరు రాయించారు. పదో తరగతి దాకా పోయినదాన్ని నేనే కాబట్టి పేరు రాయించుకోవడానికి నేనే తగినదాన్నని మా నాయన లెక్క.

పేరు నాది, ఎక్కువ రోజులు పోయేది మా అక్క. మందు వాసనకు, నీటి తుంపర్లకు అందరం ముఖాలకు తువ్వాలలు చుట్టుకునేవాళ్ళం. కళ్ళు తప్ప ఏమీ కనిపించేవి కావు. మేనేజరు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి తువ్వాలలు లెక్కపెట్టుకునేవాడు. లెక్క సరిపోతే ఆయనకు తృప్తి, మాకు హాజరు. అక్క పోయిన రోజు అక్కే నేను.

మా అక్క చేతి సంగతి చెబితే గొప్పలు పోతున్నాననుకుంటారు. అయినా చెబుతాను. కొమ్మలు కోసే షెడ్డులో పెద్దా చిన్నా అందరూ ఒప్పుకున్న మాట, అక్క కోసిన కొమ్మ చావదు. ఇటు నుంచి అటు కత్తెర ఆడించినట్టే ఉండేది, చూస్తుండగానే ట్రే నిండిపోయేది. నేను కూడా కోసేదాన్ని. నావి కొన్ని బతికేవి, కొన్ని బాగా ఆలోచించుకుని చచ్చేవి. షెడ్డులో కొత్తగా ఎవరు చేరినా మేనేజరు అక్క పక్కన కూర్చోబెట్టేవాడు. ఇంటి దగ్గర పుల్లల మీద నాకు నేర్పింది కూడా అక్కే. రాయించిన పేరు ప్రకారం అది కూడా నాకు నేనే నేర్పుకున్నట్టు.

అక్కకు ఉన్న కోరిక ఒక్కటే. వానలు తగ్గి మొక్కలన్నీ అమ్ముడుపోయాక నర్సరీలో పని సన్నబడేది. అప్పుడు మేనేజరు ఎంతో ప్రేమగా "మళ్ళీ పిలుస్తామమ్మా" అని అందర్నీ ఇంటికి పంపేవాడు. తల్లి మొక్కల్ని చూసుకోవడానికి బాగా పని వచ్చినవాళ్ళంటూ కొందరిని మాత్రం ఉంచుకునేవాడు. వాళ్ళంతా ఓనరు ఊరి నుంచి వచ్చినవాళ్ళే. మిగిలిన మేమంతా ట్రాక్టరెక్కి కుసుమంచి వైపు పత్తి ఏరడానికి పోయేవాళ్ళం. చేలగట్ల మీద పాకల్లో పడుకోవడం, కొత్త నీళ్ళకు కడుపు నొప్పులు. వాటితో అక్కకు పేచీ లేదు. పత్తికాయ డొప్పల కొసలు వేళ్ళను చీరేసేవి, అదీ ఆమె బాధ. తిరిగొచ్చాక చాలా రోజులు కత్తెర సరిగా పట్టుకోలేకపోయేది. ఒంటికి దెబ్బ తగిలినా ఊరుకునేది కానీ వేళ్ళు పాడైతే మాత్రం ఆమెకు ఏడుపొచ్చేది.

"నాకింకేం వద్దే," అనేది పొయ్యి ముందు కూర్చుని వేళ్ళకు ఆముదం రాసుకుంటూ. "పన్నెండు నెలలు ఈడనే కత్తెర పట్టుకుని కూసోవాలె. పత్తి మొఖం జూడొద్దు. గంతే."

అలాంటి రోజుల్లో కొత్త రూల్ వచ్చింది. దాన్ని మా దాకా మోసుకొచ్చింది మణుగూరు నుంచి వచ్చిన యూనియన్ ఆయన. మెడలో ఎర్ర తువ్వాల, అంతకంటే ఎర్రటి కళ్ళు. ఆయన గూడెం మధ్యలో మోటారుసైకిల్ ఆపి, దిగకుండానే ఉపన్యాసం ఇచ్చాడు. కనీస కూలి పెంచారట. అందరికీ ఒకటే కాదట, పనిని బట్టి మెట్లు కట్టారట. పని రానివాళ్ళు అన్‌స్కిల్డ్, సగం వచ్చినవాళ్ళు సెమీ స్కిల్డ్, బాగా వచ్చినవాళ్ళు స్కిల్డ్. కొత్తగా చేరినవాళ్ళను ట్రైనీ అని కొన్ని నెలలే ఉంచాలట, ఆ తర్వాత ఏదో ఒక మెట్టు ఎక్కించాల్సిందేనట.

"మా నర్సరీల స్కిల్డ్ అంటే తల్లి మొక్కల పనేనా?" అని అక్క అడిగింది.

"అవ్. స్కిల్డ్ అని రాసినంక నిన్ను పత్తికి తోలుడు మీ మేనేజర్‌తోని గాదు. పని జేసుడు వస్తదా నీకు?"

అక్క తన వేళ్ళ వంక చూసుకుంది. పక్కనున్న ఆడవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. ఆ నవ్వే జవాబు.

రూల్ సంగతి మాకంటే ముందే మేనేజరుకు తెలిసినట్టుంది. రెండు రోజుల్లోనే నర్సరీలో అందరికీ కొత్త పేర్లు వచ్చాయి. కొమ్మలు కోసేవాళ్ళు "ఆకు శుభ్రం చేసే సహాయకులు" అయ్యారు. ట్రేలు నింపేవాళ్ళు "మట్టి పని". గేటు దగ్గరి ముసలాయనకు "సెక్యూరిటీ ఇన్‌చార్జి" అని పెద్ద పేరు ఇచ్చి, జీతం పాతదే ఉంచారు. మధ్యాహ్నమంతా ఎరువుల బస్తాల మీద నిద్రపోయే మేనేజరు బామ్మర్ది "టెక్నికల్ సూపర్‌వైజర్" అయ్యాడు. అది స్కిల్డ్ కంటే కూడా పైమెట్టట. గేటు దగ్గర ఒక కుక్క ఉండేది. దానికి ఒక్కదానికే ఏ హోదా ఇవ్వలేదు, ఎందుకంటే అది నిజంగా పని చేసేది.

తర్వాత ఒకరోజు మేనేజరు షెడ్డులోకి వచ్చి చెప్పాడు. "ఎల్లుండి లేబర్ ఆఫీసు నుంచి ఒకాయన వస్తారమ్మా. ఎవరు ఏ పని చేస్తారో ఆయనే అడిగి తేలుస్తారు. ఇంటికొకరు తప్పకుండా రండి. చక్కగా కట్టుకుని రండి."

ఇంటికొకరు. తేలుస్తారు. ఆ రెండు మాటలు గూడెం చేరేసరికి వాటి అర్థం పూర్తిగా స్థిరపడిపోయింది. బయటి నుంచి ఒక మనిషి వచ్చి ఏదైనా తేలుస్తాడంటే మావాళ్ళ దృష్టిలో అది పంచాయితీ. పంచాయితీలో కూర్చునేది, మాట్లాడేది పెద్దవాళ్ళు. చిన్నవాళ్ళు వెనక నిలబడాలి, వీలైతే కనబడకుండా నిలబడాలి. ఆ రాత్రి ప్రతి ఇంట్లో ఒకే నిర్ణయం జరిగింది. ఇంట్లో అందరికంటే పెద్ద ఎవరో వాళ్ళు పోవాలి. ఆఫీసరు ముందుకు పడుచుపిల్లల్ని పంపితే గూడెం పరువేం కావాలి?

నేను ఒక మాట అన్నాను. "నాయనమ్మా, ఆయన పని జూస్తడంట. నీకు కొమ్మ కోసుడు రాదు గదా."

మా నాయనమ్మ చుట్ట నోట్లోంచి తీసి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నాకు మాట్లాడుడు వస్తది," అంది. "ముందుగాల మాట తెగాలె. పనిదేముంది, యాడికి పోతది?"

ఎల్లుండి వచ్చింది. నేను పొద్దున్నే నర్సరీకి పోయాను, ఎందుకంటే ఆఫీసరుకు టీ పోయాలి. ట్రైనీ అంటే అన్నీ నేర్చుకోవాలి కాబట్టి టీ కూడా నా శిక్షణలో భాగమే. ఆ రోజుకు నేను టీ మనిషిని మాత్రమే, మా ఇంటి మనిషి వెనక వస్తోంది. ఆకుపచ్చ వల కింద టేబుల్ వేశారు, మీద దుప్పటి పరిచారు, ప్లాస్టిక్ పూలు పెట్టారు. నర్సరీలో నిజమైన మొక్కలు అన్నేసి ఉండగా ఆ పూలు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆఫీసరు జీపు దిగాడు. కుర్రవాడు. చొక్కా ఇస్త్రీ మడతలు ఇంకా విప్పుకోలేదు.

అప్పుడు గేటులోంచి ట్రాక్టరు వచ్చింది. ట్రాలీలోంచి మా గూడెం పెద్దలు ఒక్కొక్కరే దిగడం మొదలుపెట్టారు. కర్రలు, కంబళ్ళు, చుట్టలు, ఒకాయన భుజాన మేకపిల్ల. దాన్ని ఇంట్లో ఒంటరిగా వదల్లేక తెచ్చుకున్నాడట. అందరూ తీరిగ్గా వచ్చి వల కింద వరుసగా కూర్చున్నారు. షెడ్డులో పనిచేసే పిల్లలంతా పద్ధతి ప్రకారం గేటు బయట చింతచెట్టు కింద నిలబడ్డారు, అక్కతో సహా.

మేనేజరు ఒక్క నిమిషం నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. తర్వాత ఆయన ముఖంలో మెల్లగా వెలుగు వచ్చింది. ఆ వెలుగు నేను చూశాను. కేటిల్ కింద పెట్టి ఏదైనా అనాలనుకున్నాను, కానీ పెద్దల ముందు ఏమనగలను?

"సార్, వీళ్ళేనండి నా లేబర్," అన్నాడు మేనేజరు, ఎంతో జాలిగా. "పాపం, పెద్దవాళ్ళు. ఏదో దయతలిచి పెట్టుకున్నాను. నైపుణ్యం అంటే... మీరే చూస్తున్నారుగా."

ఆఫీసరు మొదటి పేరు పిలిచాడు. అది నా పేరే. మా నాయనమ్మ చెయ్యెత్తింది. "మా ఇంటిది. నేనొచ్చిన."

ఆయన చేతిలోని జాబితాలో రాసి ఉన్నది చూశాడు, ఆమెను చూశాడు. "ఇందులో వయసు పందొమ్మిది అని ఉందమ్మా."

"అవ్. గా వయసుది ఛాయ్ పోస్తంది," అంటూ నాయనమ్మ నావైపు చుట్ట చూపించింది.

"సరే. నువ్వు ఏం పని చేస్తావు?"

నాయనమ్మ కర్ర పక్కన పెట్టి తీరిగ్గా సర్దుకుంది. మా పంచాయితీల్లో ముందు క్షేమ సమాచారాలు కావాలి, తర్వాతే విషయం. "నీదే ఊరు బిడ్డా? అమ్మ నాయిన బాగున్నరా? పెండ్లయిందా? ఇల్లు కిరాయిదా, సొంతమా?" ఆఫీసరు ఏం తోచక అన్నిటికీ వరసగా జవాబులు చెప్పాడు. పెళ్ళి కాలేదు. కిరాయిల్లే.

"నౌకరి పర్మినెంటేనా?"

"ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నానమ్మా."

"అంటే ఏంది?"

"అంటే... పని ఎట్లా చేస్తున్నానో ఇంకా చూస్తున్నారు."

నాయనమ్మ వెనక్కి తిరిగి, మా భాషలో మిగతా పెద్దలకు సంగతి చెప్పింది. అందరూ ఒక్కసారి తల ఊపారు. తర్వాత తెలుగులో ఆయనతో అంది. "అయితే నువ్వూ ట్రైనీవే."

నా చేతిలో టీ ఒలికిపోయింది. డ్రైవరు జీపు వెనక్కి పోయి నవ్వుకుని వచ్చాడు. ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి కానీ పాపం, ఆయన కూడా నవ్వాడు. తర్వాతి పేరు పిలిచాడు. మేకపిల్ల ఆయన లేచాడు. అది ఆయన మనవరాలి పేరు. కొమ్మల కటింగ్ చేస్తావా తాతా అంటే "కండ్లు మసకలు బిడ్డా, శుక్లాలు తీయించుకోవాలె" అన్నాడు. మేనేజరు వెంటనే అందుకున్నాడు. "చూశారా సార్? అన్‌స్కిల్డే రాయండి, పాపం ఎక్కువ కష్టపెట్టొద్దు."

అప్పటికి నాకు ఓర్పు అయిపోయింది. కేటిల్ కింద పెట్టి నాయనమ్మ చెవి దగ్గర చెప్పాను, అక్క పత్తికి పోవాల్సి వస్తుందని. అంతే చెప్పాను. నాయనమ్మ కర్ర నేలకు ఆనించి లేచి నిలబడింది.

"సారూ, మేం మాట్లాడేటోళ్ళం. పని జేసేటోళ్ళు గేటు బయట నిలబడ్డరు. మా మాట గిది. ఇంటికొక పనిచ్చినరు, ఇంటికొక హోదా రాయి. ఇంట్ల ఎవరొస్తే వాళ్ళకు చెల్లాలె."

ఆఫీసరుకు మెల్లగా సంగతంతా అర్థమైంది. మేనేజరు ముఖంలోని వెలుగు కాస్త తగ్గింది. "అమ్మా, రూల్‌లో ఇల్లు లేదు. మనిషే ఉంది," అన్నాడు ఆఫీసరు. "మనిషిని చూసి, ఆ మనిషికే రాయాలి."

"ఇల్లు లేకుంట మనిషి యాడికెల్లి వచ్చిండు?"

ఆయన గేటు వైపు చూశాడు. "వాళ్ళను పిలవండి," అన్నాడు.

చింతచెట్టు కింది వాళ్ళంతా లోపలికి వచ్చారు. కత్తెరలు, కొమ్మలు, పొడి డబ్బాలు టేబుల్ మీదికి వచ్చాయి. ప్లాస్టిక్ పూలు కిందికి పోయాయి. అక్క తువ్వాల విప్పి, అలవాటుగా తన స్టూలు మీద కూర్చుని కోయడం మొదలుపెట్టింది. ఆఫీసరు కాసేపు ఊరికే చూస్తూ నిలబడ్డాడు. మేనేజరు ఆకాశంలోకి చూస్తున్నాడు.

"స్కిల్డ్," అన్నాడు ఆఫీసరు. ఆ మాట వినగానే అక్క ముఖం ఎలా ఉందో చెప్పడం నా వల్ల కాదు. చిన్నప్పుడు పర్ణశాల జాతరలో తప్పిపోయి మళ్ళీ దొరికిన రోజు అమ్మను చూసి అలా అయింది.

"పేరు చెప్పమ్మా."

అక్క తన పేరు చెప్పింది. అబద్ధం చెప్పాలని ఆమెకు తోచలేదు, మాకూ తోచలేదు. ఆయన జాబితా పైనుంచి కింది దాకా వెతికాడు. ఆ పేరు లేదు. "మీ పేరు మీద పని లేదే?" అన్నాడు.

"మా ఇంటి పేరు మా చెల్లె మీద ఉన్నది. ఎవరం వీలైతే వాళ్ళం వస్తం."

ఆఫీసరు కలం మూసి, నుదురు రుద్దుకున్నాడు. పేరున్న మనిషిని కూర్చోబెట్టమన్నాడు. నేను కూర్చున్నాను. మొదటి కొమ్మ నలిగింది. తర్వాతవి ఫర్వాలేదు. ఆయన నా ట్రే వంక చూశాడు, అక్క వంక చూశాడు, కర్ర పట్టుకుని పక్కనే నిలబడ్డ నాయనమ్మ వంక చూశాడు. "స్కిల్డ్," అన్నాడు. నా కోత చూసి ఇచ్చాడో, కర్ర చూసి ఇచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు.

"రాయి సారూ, దాని పేరే రాయి," అంది అక్క సంతోషంగా. "ఇంటికొచ్చె గదా."

ఆ రాత్రి మా ఇంట్లో కోడి కోశారు. అక్క రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. పొద్దున్నే తువ్వాల చుట్టుకుని ఎప్పటిలాగే బయలుదేరింది. ఎండ ఎక్కేలోపే తిరిగొచ్చింది.

"నా మొఖం జూసిండు," అంది నవ్వుతూ. "ఇన్నేండ్లల్ల ఇయ్యాలనే తువ్వాల తీయమన్నడు మేనేజరు. పేరున్న మనిషే రావాలంట. రూల్ అంట. నేను రావాలంటే కొత్తగ చేరాలంట. కొత్తోళ్ళు ట్రైనీలంట." నవ్వుతూనే చెప్పింది. చెప్పడం అయ్యాక నవ్వు ఆగిపోయింది.

అక్క ట్రైనీగా చేరింది. ట్రైనీకి నేర్పాల్సింది స్కిల్డ్ మనిషి. అంటే నేను. నా హోదా చూసి నాకే సిగ్గేసింది. షెడ్డులో అందరూ చూస్తుండగా నేను అక్క పక్కన కూర్చుని పాఠం చెప్పాలి. మేనేజరు అటు వచ్చినప్పుడల్లా అక్క కత్తెర నా చేతికిచ్చి, బడిపిల్లలా చేతులు కట్టుకునేది.

"జెప్పు టీచరమ్మా. కొమ్మ అంటే ఏంది? ఆకు అంటే ఏంది?"

"నోరు మూసుకో అక్కా, వింటడు."

"విననీ. నేర్చుకుంటున్న గదా."

ఆడవాళ్ళు ట్రేల మీద తలలు వాల్చి నవ్వేవాళ్ళు. అదంతా వానల దాకా నడిచింది. వానలు తగ్గాయి, మొక్కలు అమ్ముడుపోయాయి, మేనేజరు మళ్ళీ ప్రేమగా మాట్లాడటం మొదలుపెట్టాడు. ట్రైనీలందరూ ఇంటికి. స్కిల్డ్ వాళ్ళు తల్లి మొక్కల దగ్గర ఉండాలి. ఏ కోరిక కోసం గూడెం మొత్తం ట్రాక్టరెక్కి వచ్చిందో, ఆ కోరిక నాకు తీరింది. నేను అడగని దానికి నేను యజమానురాలినయ్యాను. అక్క పత్తికి పోవడానికి మూట కట్టుకుంది.

పత్తి ట్రాక్టరు వచ్చిన పొద్దున అక్క పొయ్యి దగ్గర కూర్చుని వేళ్ళకు ముందుగానే ఆముదం రాసుకుంటోంది. చూడలేకపోయాను. నాకు కోపం ఎవరి మీదో కూడా తెలియలేదు. మేనేజరు మీద, ఆఫీసరు మీద, ఇల్లు లేని ఆ రూల్ మీద, నవ్వుతూ కూర్చున్న అక్క మీద. లేచి ఆమె మూట లాక్కున్నాను.

"నేను పోత. నువ్వు నర్సరీకి పో."

"పిచ్చా నీకు? పేరు నీది."

"పేరు నాదే. నువ్వే నేనని జెప్పు. ఎన్ని రోజులు జెప్పలే? కొత్తనా మనకు?"

"మేనేజరు మొఖం జూస్తడు."

"ఒక్కసారి జూసిండు. ఇంకోసారి జూడడానికి ఆయనకు తీరికేది?"

నాయనమ్మ మంచం మీది నుంచి తీర్పు చెప్పింది. "పొండి జల్దీ. ఇద్దరూ ఒక్క కడుపునే పుట్టిన్రు." నా తువ్వాల నేనే అక్క ముఖానికి చుట్టాను. కళ్ళు మాత్రం కనబడేలా. అక్క నా కళ్ళలోకి చూసి, తువ్వాల ముడి బిగించుకుని వెళ్ళిపోయింది. నేను ట్రాక్టరెక్కాను. ఇందులో నా త్యాగమేమీ లేదు. పత్తి డొప్పలు నా వేళ్ళను కూడా చీరేశాయి, పాకలో పడుకుని అందర్నీ తిట్టుకున్నాను. కానీ ఆ స్టూలు మీద కూర్చుని కొమ్మల్ని చంపడం కంటే అది నాకు సుఖంగా ఉండింది.

ఆ తర్వాత అలాగే సాగిపోయింది. నర్సరీలో అక్క స్కిల్డ్ అయిన నేను. నేనేమో ట్రైనీ అయిన అక్క. సీజను మొదలైనప్పుడల్లా తిరిగొచ్చి ట్రైనీగా చేరేదాన్ని. మధ్యలో పని ఆగింది కాబట్టి శిక్షణ మళ్ళీ మొదటి నుంచి లెక్క అనేవాడు మేనేజరు. రూల్‌లో సందు వెతుక్కోవడంలో ఆయన మాత్రం అసలైన స్కిల్డ్. ఒకరోజు అక్క ట్రే చూసి "ఈమధ్య నీ చెయ్యి బాగా తిరిగిందమ్మా" అన్నాడు. నా ట్రే చూసి "మీ అక్కకు ఇంకా పని రాలేదేంటి" అన్నాడు. ఆయనకు తెలుసనే నా అనుమానం. కొమ్మలు బతికితే చాలు, ఎవరి పేరుతో బతికాయన్నది ఆయనకెందుకు? అక్క మాత్రం ఏడాది పొడవునా అక్కడే ఉంది. ఆమె వేళ్ళు నున్నగా అయ్యాయి.

కొన్నాళ్ళకు ఓనరుకు మొక్కల మీద మనసు విరిగింది. నర్సరీ మూసేశాడు. పోతూ పోతూ మేనేజరు అందరికీ పనిచేసినట్టు సర్టిఫికెట్లు ఇచ్చాడు, అదీ యూనియన్ ఆయన గేటు ముందు మోటారుసైకిల్ ఆపి హారన్ కొట్టడం వల్ల. నాకు వచ్చినది: స్కిల్డ్, కోతలో మంచి నైపుణ్యం. అక్కకు వచ్చినది: ట్రైనీ. ఎన్ని సీజన్లు చేసినా ట్రైనీయే. అది చదివితే ఎవరికైనా ఒకటే అర్థమవుతుంది, ఆ ఆడమనిషికి ఎంత నేర్పినా పని రాలేదని. నాకు ఏడుపొచ్చింది. కాగితం చించేస్తానని లేచాను. అక్క ఆపింది. తన సర్టిఫికెట్ పొయ్యి రాజేయడానికి పనికొస్తుందని పక్కన పెట్టి, నాది మడిచి రవికెలో పెట్టుకుంది.

"సత్తుపల్లి దిక్కు కొత్త నర్సరీ పెట్టిన్రంట. స్కిల్డోళ్ళు కావాలంట," అంది. "నీకు ఈ పేరుతోని పనేం లేదు గదా ఇప్పట్ల?"

లేదన్నాను. నేను భద్రాచలంలో ఒక హాస్టల్లో వంటకు చేరాను. అక్కడ పేరెవరూ అడగలేదు, ఏయ్ అంటే సరిపోయేది.

ఒక వేసవిలో అక్కను చూడటానికి పోయాను. పెద్ద నర్సరీ, పెద్ద గేటు. వాచ్‌మన్ ఆపాడు. ఎవరు కావాలన్నాడు. అక్క పేరు నాలిక చివరి దాకా వచ్చింది. మింగేసి నా పేరు చెప్పాను. ఆయన ముఖంలో ఒక్కసారి మర్యాద కనబడింది.

"ఆమెనా? మా దగ్గర అందరికంటే పెద్ద చెయ్యి ఆమెదే. కొత్తోళ్ళందరికి ఆమెనే నేర్పుతది. నువ్వేమైతవు?"

"చెల్లెను."

"నీ పేరేందమ్మా?"

అక్క పేరు చెప్పాను.

"నీకూ వస్తదా ఈ పని?"

"రాలేదన్నా," అన్నాను. "ఎంత నేర్పినా రాలేదు."

ఆయన జాలిగా తల ఊపి, లోపలికి తిరిగి నా పేరు పెట్టి గట్టిగా కేకేశాడు. కేక వినగానే నా కాలు అలవాటుగా ఒక అడుగు ముందుకు పడింది. దూరంగా షెడ్డులో అక్క తలెత్తింది. నా పేరుకు ఎక్కడా అంత గౌరవం దొరకలేదు, అది నేను సంపాదించిందీ కాదు. అయినా గర్వపడ్డాను. అక్క అసలు పేరు తెలిసిన మనిషి ఆ చుట్టుపక్కల నేనొక్కదాన్నే. ఆ పేరుతో ఆమెను పిలిస్తే ఆమె పని పోతుంది.

అక్క చేతికి అంటిన పొడి దులుపుకుంటూ గేటు దాకా వచ్చింది. నేను "అక్కా" అన్నాను.